గంప నడుమ అన్నం వేడి: సుచరిత గారి శోధన

1992 జూలై 6వ తేదీ సోమవారం ఉదయం, ఆసిఫాబాద్ నుంచి వచ్చిన ఒక యువతి చంద్రపూర్‌లోని మన ఆహార పరీక్షా ప్రయోగశాలలో సహాయ సూక్ష్మజీవ శాస్త్రవేత్తగా బాధ్యతలు స్వీకరించారు. ఆ సుచరిత గారే ఈ నెలాఖరున ప్రధాన శాస్త్రవేత్తగా పదవీ విరమణ చేయనున్నారు. చాలాకాలం వారి పక్క బల్ల వద్ద పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కింది.

తొలి సంవత్సరాలలో వారు పాలు, కోవా, మిఠాయిల నమూనాలను పరీక్షించారు. క్రిమి ఉందో లేదో తేల్చడంతో మా పని ముగిసేది. వారి కుతూహలం అక్కడే మొదలయ్యేది. "ఉంది, సరే. దీన్ని ఎవరు తింటరు? ఎంత తింటరు? వండినంక ఎంతసేపటికి తింటరు?" అని అడిగేవారు. ఆ లెక్కలు ఇక్కడ ఎవరూ సేకరించలేదు. ప్రమాదాన్ని అంచనా కట్టవలసి వస్తే ఎక్కడో చలిదేశాల వంటిళ్లలో సేకరించిన అంకెలనే వాడుకునేవాళ్లం. చంద్రపూర్ ఎండ ఎరిగినవారికి ఆ అంకెలు మింగుడుపడేవి కావు. "మా ఇంట్ల కూర రుచి ముందు థర్మామీటర్ చూస్తది, తర్వాతనే నేను" అని వారి భర్త అచ్యుతరావు గారు నేటికీ నవ్వుతూ చెబుతారు.

2012 వేసవిలో లాల్‌పేట్‌లో ఒక ఖానావళిలో, అంటే పూటకూళ్ల ఇంట్లో, భోజనం చేసిన గని కార్మికులు వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. దాన్ని నడిపే మల్లవ్వ భర్తను కోల్పోయిన మనిషి. ఆ పొయ్యి మీదే ఇద్దరు కూతుళ్లను చదివిస్తున్నది. అన్నీ పొద్దున్నే వండానని ఆమె తనిఖీకి వెళ్లినవారికి చెప్పింది. మిగిలిన ఆహారం అప్పటికే పారబోశారు. పరీక్షించడానికి ఏమీ దొరకలేదు.

మరునాడు సుచరిత గారు నన్ను వెంటబెట్టుకొని వెళ్లి, అక్కడే పీట వేసుకొని కూర్చొని, పప్పూ అన్నం పెట్టించుకొని తిన్నారు. ఇంతమందికి ఒక్కతే ఎలా వండుతున్నదని అడిగారు. మల్లవ్వ చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

"నిజం జెప్తే బంద్ చేపిస్తరు గదా మేడమ్?"

"నిన్ను పట్టుకోనీకి రాలేదక్కా. అన్నం ఎప్పుడు వండుతవు, ఎట్ల పెడ్తవు, గంతే తెల్సుకోనీకి వచ్చిన."

"పొద్దుగాల నల్లా రాదు. నీళ్లన్నీ సాయంత్రమే వస్తయి. గందుకే అప్పుడే వండి గంపల పెట్టి బట్ట కప్పుత. పొద్దుగాల మల్ల ఉడుకు చేస్త. ఉడుకు చేస్తే ఏమైతది, చెల్లె?"

జవాబు కోసం సుచరిత గారు ఆ సాయంత్రం వంట అయ్యేదాకా అక్కడే ఉన్నారు. ఆమె అనుమతితో గంప నడుమ ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరాన్ని ఉంచి వచ్చారు. తెల్లవారినా నడిమి అన్నం గోరువెచ్చగానే ఉన్నదని తేలింది. ఉడికినా చావని క్రిమి బీజాలు ఆ వెచ్చదనంలో మొలకెత్తి విషాన్ని వెలువరిస్తాయని, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదని ఆ అన్నం నమూనాలతో ప్రయోగశాలలో నిర్ధారించి, మొదట వెళ్లి చెప్పింది మల్లవ్వకే. ఆమె కూలబడి ఏడ్చింది.

అప్పటి మా అధికారి ఖానావళిని శాశ్వతంగా మూయించాలని సిఫారసు చేయబోయారు. సుచరిత గారు వారి ఎదుట నిలబడి, "ఆమె నోరు తెరిచింది కాబట్టే మనకు తెలిసింది సార్. ఇప్పుడు ఆమె పొట్ట కొడితే రేపు ఏ వంటమనిషీ మనకు నిజం చెప్పదు. అప్పుడు మనం దేన్ని అంచనా కడతాం?" అన్నారు.  అధికారి రెండు రోజులు ఆలోచించి, వంట పద్ధతి మారేదాకా మాత్రమే మూసివేతకు అంగీకరించారు.

మల్లవ్వ పెద్ద నీళ్ల డ్రమ్ములు కొని, తెల్లవారుజామున వండడం మొదలుపెట్టింది. ఖానావళి తిరిగి తెరుచుకున్నది. ఆ సంగతి పాకి, దుర్గాపూర్ మొదలు కోఠారి వరకు వంటిళ్ల తలుపులు మాకు తెరుచుకున్నాయి. మన జిల్లా అంచనాలలో నేడు మన జిల్లా అంకెలే ఉన్నాయంటే అందుకు మూలం ఆ నమ్మకమే. తెలియని చోట "తెలియదు" అని రాయడానికి వారు ఏనాడూ సంకోచించలేదు. ఆ మాట కింద గీత గీసి మరీ రాసేవారు.

విరమణానంతరం ఏం చేస్తారని మొన్న అడిగాను. "జొన్న అంబలి రాత్రంతా పులుస్తది గదా, అండ్ల ఏ క్రిములు పెరుగుతయో, ఏవి చస్తయో చూడాలె" అన్నారు, కళ్లు మెరిపిస్తూ.

సుచరిత గారు అచ్యుతరావు గారితో కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలనీ, ఆ అంబలి గుట్టు తేలిన రోజున ముందుగా మాకే కబురు పంపాలనీ మనసారా కోరుకుంటున్నాను.

— వంశీధర్