కళ్ళు మూసుకుని చెప్పిన సంగతి

చర్చిలో ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయారు. అక్కాచెల్లెళ్ళిద్దరే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. చెల్లెలికి అక్క ముఖం చూడబుద్ధి కావడం లేదు.

"ఏమే, ఉలుకూ పలుకూ లేదు?"

"మంచాన పడ్డ మా అత్తగారి మీద ఒకసారి చెయ్యి చేసుకున్నానని నీ ఒక్కదానికే చెప్పానక్కా."

"నేనెవరితో అన్నాను? ఒకరి సంగతి ఇంకొకరికి మోయడం ఎప్పుడో మానేశాను."

"ఇందాక మైకులో ప్రార్థన చేశావుగా. 'ప్రభువా, ముసలావిడ మీదికి లేచిన నా చెల్లెలి చేతిని ఆపు' అని."

"అది దేవుడికి చెప్పుకున్నానే."

"దేవుడికి నేను ఆ రోజే చెప్పుకుని ఏడ్చాను. నువ్వు చెప్పింది రెండో వరుసలో కూర్చున్న మా ఆయనకి. నాకోసం ఆగకుండా వెళ్ళిపోయారు."

అక్క చేతిలోని కుర్చీని నెమ్మదిగా కింద పెట్టింది.

"నీ మేలు కోరే చేశాను. నేను మారానని నువ్వే అన్నావుగా."

"నీ అలవాటు వేషం మార్చిందంతే. మనసు మారందే అలవాటు మారదని సండేస్కూలు పిల్లలకి చెప్పేది నువ్వేగా."

"పోనీ, రా. ఇద్దరం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుందాం."

"చేసుకుందాం. ఈసారి నోరు కూడా మూసుకో."