సుద్దగీత లేని ఉక్కు

హొసూరు రోడ్డు మీద ఇంకా పైవంతెన లేని రోజులు. హెబ్బగోడిలో హనుమక్క టీ అంగడి బెంచీ మీద ప్రెస్సు ఆపరేటరు ఓబళప్ప కూచున్నాడంటే అబద్ధానికి కాళ్ళొచ్చేవి. ఆ రోజు పగటి షిఫ్టు దిగిన నలుగురూ చుట్టూ చేరారు.

దేవదానం బెంచీ చివర కూచున్నాడు. ఎడమ కంటికి కట్టు. రేకుకు బెజ్జం కొట్టే ఉక్కు పంచ్ చీలి, ముక్క కంట్లో దూరి మూడు నెలలైంది. మిషన్ వంకరగా నడిపిన తప్పు అతనిదేనని ఫ్యాక్టరీ విచారణలో రాశారు. రేపు విచారణ ఆఖరి రోజు, ఆ కాగితం మీద సంతకం పెడితే కన్నుతోపాటు ఉద్యోగమూ పోయినట్టే. ఆ పంచ్ ఉక్కు ఓబళప్ప ప్రెస్సులోంచి వచ్చిందే; అతని నోట ఒక్క నిజమైనా రాలకపోదా అని వచ్చాడు.

ఓబళప్ప మామూలుగానే మొదలుపెట్టాడు. పంచ్‌లు చేసే టూల్ స్టీల్ దుంగ కొలిమిలో కాలిన రంగు చూసి, మీటరు లేకుండానే పదకొండు వందల యాభై డిగ్రీలని చెప్పేశాడట.

"అదేం గొప్పప్పా, నేనూ చెప్తా" అన్నాడు చుట్టూ చేరినవాళ్ళలో లింగన్న.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పోత ఉక్కులో గట్టి ఉండలుంటాయి, సరిగ్గా కెలకని సంగటి మాదిరి. కాల్చి డై అచ్చు బెజ్జంలోంచి ప్రెస్సుతో తోస్తే అవి చితికి, నార మాదిరి పొడుగ్గా సర్దుకుంటాయి. ఆ పొద్దు ప్రెస్సు మొరాయిస్తే నేనే రొమ్ము ఆనించి తోసినా. కడ్డీ షెడ్డు దాటె, హొసూరు రోడ్డెక్కె, తోక పట్టుకొని చందాపుర దాకా ఉరికినా. సుత్తితో కొడితే, సుత్తి ఎగిరి దేవనహళ్ళి కోటలో పడె. ఇప్పటికీ ఆడే ఉండాది, పొయ్యి చూడండి."

అందరూ పగలబడి నవ్వారు. దేవదానం మాత్రం నవ్వకుండా ముందుకు జరిగి అడిగాడు.

"పొడుగునా గట్టిదే అన్నా. అడ్డంగా కోస్తే?"

"నా ఉక్కుకు పొడుగేంది, అడ్డమేంది? నార ఎటుందో తెలియాలని ముక్కల మీద సుద్దతో బాణం గీసేది చేతగానోళ్ళు. నేను జన్మలో గీయలే."

దేవదానం మెల్లగా కట్టు విప్పాడు.

"నేనూ అదే చెప్పినా, ఎవురూ నమ్మలే. బాణం లేక నా పంచ్ ముక్కను నారకు అడ్డంగా కోసినారు, అందుకే చీలె. ఇన్నేళ్ళ నీ కోతల్లో ఇదొక్కటే నిజం అన్నా. రేపు విచారణలో ఇదే కొయ్యి."

ఓబళప్ప గ్లాసు కింద పెట్టాడు. చుట్టూ అందరి ముఖాలూ చూశాడు. తన మాట అబద్ధమని పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ ఒప్పుకోని మనిషి, ఆ రోజు ఒప్పుకున్నాడు.

"అదీ కోతేలేప్పా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.