కంచు గద్దను కాపాడిన టాక్సీ

"నేనేదో పెద్ద ఘనకార్యం చేశానని కాదు గానీ..." అంటూ మొదలుపెట్టాడు మా టాక్సీ డ్రైవరు గ్రాబో, వెల్మా హోటల్లో కౌంటరు మీద మోచెయ్యి ఆనించి. వాడు అలా మొదలుపెట్టాడంటే మన కాఫీ చల్లారిపోవాల్సిందే.

ముసుగూ రెక్కలూ తగిలించుకుని మా ఊరిని కంటికి రెప్పలా కాచే వీరుడు కంచు గద్ద మీద హత్యానేరం పడిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎవడో వెధవ అచ్చం గద్ద వేషం వేసుకుని, పేపరు యజమాని పెల్హం గారిని నలుగురూ చూస్తుండగా వంతెన మీంచి తోసేశాడు. మా ఊళ్లో చచ్చినవాళ్లు తిరిగి రావడం మామూలే. ఎవరొచ్చినా వేడివేడి కాఫీ ఇచ్చి, వాళ్లు లేనప్పుడు బేస్‌బాల్‌లో ఎవరు గెలిచారో చెప్పడం మర్యాద. పెల్హం గారు మాత్రం ఎంతకీ రాలేదు. గద్దను కరెంటు కుర్చీ ఎక్కించేశారు. తీరా మీట నొక్కబోతుంటే తడిబట్టలతో ఆయనే జైలు గుమ్మంలో నిలబడ్డారు! చలికి గొంతు పోయి, ఎలా వచ్చారో చెప్పలేకపోయారు. ఎవరో తెచ్చే ఉంటారని ఊరంతా అనుకుంది. ఆ తెచ్చినవాడికి రేపు ఊరేగింపులో గద్ద పక్కన సీటట. మా వీధి నుంచి ఎవరి పేరు పంపాలో ఇవాళ చేతులెత్తి తేల్చాలి. ఆ సీటు కోసం గ్రాబో ప్రాణం కొట్టుకుంటోంది.

"రేవులో టాక్సీ ఆపుకుని సాండ్‌విచ్ తింటున్నానా, నీళ్లలో బుడగలు! మనకెందుకులే అని ఊరుకునే రకమా నేను? ఒక్క దూకు దూకాను."

"నీకు ఈత రాదుగా?" అన్నాడు ఓడల కూలీ ఫినెగన్.

"అందుకేగదరా తిన్నగా అడుక్కి పోయాను! ఈతొచ్చినవాడైతే పైపైనే కొట్టుకునేవాడు. అడుగున ఏముందో తెలుసా? జలాంతర్గామి! గద్ద పగవాడు పొగమంచు డాక్టరుది. గద్ద వేషం వేసింది ఆ వెధవే. పెల్హం గారిని పచ్చడి జాడీలో దోసకాయలా గాజు పీపాలో పెట్టి మూతేశాడు. చుట్టూ నలభై మంది రౌడీలు. ఉండండి, వెనక గదిలోవాళ్లని మర్చిపోయా, వంద మంది! అందర్నీ ఎడం చేత్తోనే ఉతికేశాను."

"కుడి చేతికేమైంది?" అంది వెల్మా.

"సాండ్‌విచ్ ఉంది కదక్కా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క ఈల వేశా. నా టాక్సీ నీళ్లలో దూకి నా దగ్గరికొచ్చేసింది."

"దానంతటదేనా?"

"సొంత బిడ్డలా పెంచుకున్నాను, ఆమాత్రం విశ్వాసం ఉండదూ? పెల్హం గారిని ఎక్కించుకుని బయటికొస్తే, ఓడ కోసం వంతెన పైకెత్తేసి ఉంది. ఆగానా? ఎగిరాను. పక్కన పావురాలు నోరెళ్లబెట్టాయి. జైల్లోకి అడుగుపెట్టేసరికి మీట నొక్కేశారు, కరెంటు బయల్దేరిపోయింది! తీగె వెంట నేనూ పరిగెత్తా. కుర్చీ దగ్గరికి దానికంటే ముందు నేనే చేరి, తీగె గట్టిగా పట్టేసుకున్నా. ఊరి కరెంటంతా నా ఒంట్లోకే! తర్వాత వారమంతా మా ఆవిడ నా ముక్కుకి బల్బు తగిలించి బట్టలు కుట్టుకుంది. గద్ద నన్ను కావలించుకుని ఏడ్చేశాడు. 'అన్నా, ఈ రెక్కలు నీకే తగును, తీసేసుకో' అన్నాడు. 'వద్దురా తమ్ముడూ, బయట మీటరు తిరుగుతోంది' అన్నాను."

నవ్వులే నవ్వులు. నిజమైతేనేం, కాకపోతేనేం, మా వీధివాడు గద్ద పక్కన కూర్చుంటే మాకు గొప్పే కదా! అందరం చేతులెత్తేశాం. అందరికంటే ఎత్తుగా గ్రాబో తనదీ ఎత్తాడు. చివరి స్టూలు మీద మెడకి మఫ్లరు చుట్టుకున్న ఆసామి ఒక్కడే ఎత్తలేదు.

"ఏం పెద్దాయనా, చెయ్యి నొప్పా?" అన్నాడు గ్రాబో దర్జాగా.

ఆయన మఫ్లరు విప్పాడు. పెల్హం గారు! వెల్మా గబగబా కాఫీ పోసి, "వచ్చారా బాబూ, మనవాళ్లే గెలిచారు" అంది.

"నన్నెవరూ తేలేదమ్మా," అన్నారాయన బొంగురు గొంతుతో. "ఎలా లేచానో నాకే తెలీదు. రేవులో వేలాడే తాడు పట్టుకుని నేనే గట్టెక్కాను. ఎదురుగా ఇతని టాక్సీ ఉంది. 'జైలుకి పోనివ్వు నాయనా, నా మూలంగా అక్కడ ఒకడి ప్రాణం పోతోంది' అన్నాను. 'దెయ్యం' అని కేకేసి పారిపోయాడు. పడుతూ లేస్తూ జైలు దాకా నడిచాను. ఇంకాస్త ఆలస్యమైతే ఇవాళ గద్ద లేడు."

మా ఊళ్లో చంటిపిల్లలు కూడా తిరిగొచ్చినవాళ్లని చూసి జడుసుకోరు. అందరం తలలు దించుకున్నాం, చేతులు కూడా. గ్రాబో చెయ్యి మాత్రం గాల్లోనే ఉండిపోయింది.

"చెయ్యి దించు గ్రాబో," అంది వెల్మా మెల్లగా.

"ఎందుకక్కా? ముందు లెక్కపెట్టు," అన్నాడు వాడు, ఎవరి మొహమూ చూడకుండా. "ఎత్తి ఉన్న చేతులన్నీ నాకేగా!"