జంగు తాత పడావు చెల్క

"తాతా, నన్ను సర్వేయర్‌గ ఆసిఫాబాద్ దిక్కు వేసిండ్రు. నువ్వు గూడ అక్కడ్నే ఉన్నవంట గదా?"

ఉన్న బిడ్డా. పోలీస్ యాక్షన్ అయినంక కొన్నేండ్లకు. హైద్రాబాద్‌ల నా చదువు ఒడిసింది, గోండు గూడెంల పంతులు నౌకరీ దొరికింది. మా బాపు సిరిసిల్లల మగ్గం నేస్తుండె. "గింత చదివింది అడివిల పడనీకా?" అని ఒక్కటే లొల్లి. మా అవ్వ చలిజరం వస్తదని ఎల్లిగడ్డలు మూట కట్టింది. గప్పుడు ఎల్లిగడ్డ ధర ఎంత సస్తనో... ఆఁ, ఏం చెప్తున్న? జంగు తాత.

ఆయన గూడెం పటేల్. వాగు అవతల ఆయనకో చెల్క, మెట్ట చేను, ఉండె. గోండోళ్లు కొన్నేండ్లు జొన్నలేస్తరు, నేల అలిసిందనిపిస్తె పడావు ఇడిసిపెడ్తరు. తుప్పలు మొలుస్తయి, ఆకు రాలి మురుగుతది, మల్ల బలం వస్తది. అప్పుడే దున్నుతరు. ఆ ఏడు గా చెల్క పడావుల ఉంది.

సరిగ్గ గప్పుడే జంగ్లాతోళ్లు, గదే అడివి శాఖోళ్లు, అడివికి హద్దు పెడ్తరని ఖబరొచ్చింది. దున్నుతున్నది ఊరోళ్లది, మిగిలింది సర్కారుది. నేను ఉరికిన.

"తాతా, రేపే నాగలి కట్టు. పైపైన గీకినా సరే, చెల్క దక్కుతది."

"సూడి ఆవుకు కాడి కడ్తరా, మాస్తర్?" అన్నడు.

ఆయన కోడలు సోంబాయి గయ్యిమన్నది. "ఆవునే తోలుకపోతుంటె గూడ గట్లనే అంటవా మామా? రేపు పిల్లలు ఏం తినాలె?"

ముసలాయన నాగలి పక్కన కూసున్నడు. తెల్లారినా కట్టలే.

జంగ్లాతు సాబు వచ్చిండు, తుప్పలు చూసిండు. "ఖాళీ జాగా" అన్నడు. నేను అడ్డం పోయిన. "ఖాళీ కాదు సాబ్, నేల ఆరాం చేస్తుంది." ఆయన పక్కోని దిక్కు చూసి నవ్విండు. "జమీన్ గూడ ఆరాం చేస్తదా పంతులూ?" ఇగ హద్దురాళ్లు పాతిండ్రు. చెల్క పోయింది. తర్వాత అండ్ల టేకు మొక్కలు పెట్టిండ్రు.

మల్ల వానలు వడ్డయి. విత్తేముందు జొన్నలు దేవుని కాడ పెట్టి మొక్కుడు వాళ్ల రివాజు. జంగు తాత మొక్కిండు, తొలి దోసిలి తీసుకోని వాగు దాటిండు. హద్దురాళ్ల అవతలికి ఇసిరిండు. ప్రతేడూ గంతే. సోంబాయి ఇగ తిడ్తదనుకున్న. తిట్టలే.

"దండుగ గదమ్మా, పిట్టలు తింటయి" అన్న.

"తిననీ మాస్తర్. ఎయ్యకుంటె మేం మరిసిపోయినమనుకుంటది గద, ఆ నేల."

...సల్లంగుండు బిడ్డా. మంచిగ నౌకరీ చెయ్యి. గాని ఏడనన్న తుప్పలు కనవడితె, ఖాళీ అని రాసేముందు జర గూడెంలకు పోయి అడుగు. అడుగుతవ్ గదా?