గంగారాం ఎక్కడ?

ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు దవాఖాన గది. మధ్యాహ్నం. మంచం మీద మత్తుమందుల నిరోధక దళం ఎస్సై రజిత. కుడిచేతికి కట్టు, తలకు కుట్లు. పక్క కుర్చీలో ఆమె పై అధికారి నాగేందర్.

“...గందుకే చెప్తున్న రజితా. విచారణకు స్నేహలత మేడం ఇంకాసేపట్ల వస్తది. మన కానిస్టేబుల్ శ్రవణ్‌కుమార్ దాడి సంగతి ముందే నోరు జారిండని ఒక్క మాట చెప్పు. అయిపాయె.”

“చచ్చిపోయినోని మీద చెప్పాల్నా సార్?”

“చచ్చిపోయిండు గదా, ఇగ వానికేం నష్టం? బతికున్నోళ్ల సంగతి చూడాలె.”

“ఎటు పోతున్నమో శ్రవణ్‌కు జీపు ఎక్కినంకనే ఎర్కైంది. ఎవరికి చెప్తడు?”

“ఫోను ఉండె గదా.”

“ఫోన్లు నేనే తీసుకున్న. అందరియి.”

“సరే, సరే. జర నిమ్మలంగ మాట్లాడు. కుట్లు...”

“నా కుట్లకేం కాదు. గోదాం షట్టర్ లేపినప్పుడు మీరు లేరు సార్. నేనున్న. కల్లుల కలిపే మత్తుమందు సంచులు ఉంటయనుకున్నం. పసుపు కుప్ప ఎన్కకెల్లి ఐదుగురు లేసిన్రు, గొడ్డళ్లు పట్టుకోని. మనకోసమే కూసున్నరు.”

“అదంత ఎఫ్ఐఆర్‌ల ఉన్నది. మళ్ల ఎందుకు...”

“దాంట్ల లేనిది చెప్తున్న. మొదటి దెబ్బ శ్రవణ్ మెడ మీద పడ్డది. కింద పడ్డంక గూడ ఇడవలే, ఒకడు ఎక్కి తొక్కిండు, ఇంకోడు నరికిండు. నేను పిస్తోలు తీద్దామంటే ఇనుప రాడ్‌తోని గీ చెయ్యి ఇరగ్గొట్టిన్రు. బొక్క ఇరిగిన సప్పుడు నాకే ఇనచ్చింది. శ్రవణ్ పిడికిళ్లతోని పసుపు పట్టుకోని లేద్దామని చూస్తున్నడు. అది జారుతున్నది. ఆయన నెత్తురు కుప్పలకు ఇంకి...”

“రజితా, చాలు!”

“నా జుట్టు పట్టుకోని ఒకడు ఏమడిగిండో తెల్సా? ‘మీకు చెప్పినోడు గంగారామే గదా?’ అన్నడు. గా పేరు శ్రవణ్‌కు తెల్వది. నాకు తెల్సు. మీకు తెల్సు. ఇగ గంగారాంకు తెల్సు.”

“గీ గదిల గింత ఉక్కగున్నదేంది? కిటికీ తెరవద్దన్నరా?”

“సార్.”

“ఇంటున్న, ఇంటున్న.”

“గా పేరు వాళ్లకెట్ల పోయింది?”

“చూడు... గంగారాం పేరున్న దాడి ఉత్తర్వు ఫొటో తీసి మా ఆఫీసర్ల గ్రూపుల పెట్టబోయిన. చెయ్యి తప్పి ఇంకో గ్రూపుల పడ్డది. దోస్తులది. ఎంబడే తీసేసిన.”

“తీసేస్తే శ్రవణ్ లేస్తడా? అతి రహస్యం అని ముద్ర కొట్టిన కాయిదం ఫోన్ల ఎందుకు తిప్పాలె?”

“అందరు తిప్పుతరు. నేనొక్కన్నేనా?”

“నేను తిప్పితే ఊకుందురా? ఒక కానిస్టేబుల్ తిప్పితే? పొద్దుమీకకముందే సస్పెండ్ చేసి ఇంటికి తోలుతుంటిరి.”

“గొంతు లేపకు. తొందరపడి లోపటికి ఉరికింది నువ్వు. మందిని సరిపోను తీస్కపోనిది నువ్వు. నేను గట్లనే రాస్తే శ్రవణ్ సావు నీ మీదికే వస్తది. నౌకరి పోతది, కేసైతది. నీ బిడ్డ మొఖం చూసి మాట్లాడు.”

“మందిని అడిగిన. మీరే ఇయ్యలే.”

“అడిగినవని ఎవరు చెప్తరు? నోటిమాటనే గదా.”

“గంగారాం చెప్తడు. మీతోని ఫోన్ల మాట్లాడినప్పుడు నా పక్కకే ఉండె. మీరన్నదంత ఇన్నడు.”

“గంగారాం... ఎక్కడున్నడు వాడు?”

“ఎందుకు సార్?”

“ఎందుకేంది? గా ముఠా వాన్ని బతకనిస్తదా? కాపలా పెట్టాలె.”

“నాకు తెల్వది.”

“తెల్వదంటే నేను నమ్మాల్నా? నువ్వే దాచిపెట్టినవు. రేపు వాన్ని గూడ నరికి కాల్వల పడేస్తే ఏం చేస్తవు? ఇంకో పీనుగను మోస్తవా?”

“గట్లనకుర్రి సార్.”

“మరి చెప్పు. చెప్తే నీ పేరు ఏడ రాకుంట నేను చూసుకుంట.”

“ఆయన తమ్ముడు గా కల్లు తాగే గిలగిల కొట్టుకోని సచ్చిండు. గందుకే వచ్చిండు మన దగ్గరికి. నన్ను నమ్మి వచ్చిండు సార్.”

“నమ్మినోన్ని కాపాడుకోవాల్నా, వద్దా?”

“కాపాడుకోవాలె.”

“ఇంకేంది మరి? చెప్పు.”

“గీ పక్క పెర్కిట్ ఊర్ల... బీడీ కార్ఖాన ఎన్క సందు. నీలం తలుపు ఇల్లు. ఒక్కడే ఉన్నడు. ఎవ్వరికి చెప్పకుర్రి సార్, మీ కాళ్లు మొక్కుత.”

“పిచ్చిదానా, నేనెవరికి చెప్త? ఉండు, కాపలాకు ఫోన్ కొట్టొస్త. గీడ సిగ్నల్ అందుతలేదు.”

నాగేందర్ వరండాలోకి వెళ్లాడు. తలుపు మూసుకున్నాక రజితకు అతని మాటలు వినిపించలేదు. అతను తిరిగొచ్చేదాకా ఆమె కళ్లు మూసుకునే ఉంది.

“అయిపాయె. మనోళ్లు బయల్దేరిన్రు.”

“మనోళ్లేనా సార్?”

“మరెవరు? ఫికర్ చేయకు. నీళ్లు తాగుతవా?”

“వద్దు.”

“మంచి పని చేసినవు రజితా. ఇగ మేడం అడిగితే శ్రవణ్ సంగతి...”

“శ్రవణ్ తల్లి భాగ్యవ్వ పొద్దుగాల వచ్చింది సార్. గా కుర్చీలనే కూసున్నది. ఏడ్వలే. ‘నా కొడుకును పట్టిచ్చిందెవరు బిడ్డా?’ అని అడిగింది. ఏం చెప్పాలె?”

“దేవుడు గట్ల రాసిండని చెప్పు. ఇంకేం చెప్తవు?”

“దేవుడే రాసిండా?”

“మళ్ల మొదటికి రాకు. గీ స్నేహలత మేడం గూడ ఇంకా రాదేంది? నీళ్లు తాగమంటే తాగవు, చెప్పింది ఇనవు...”

అరగంట తర్వాత మంచం పక్క బల్ల మీద ఫోను మోగింది.

“నా ఫోను. జర అందియ్యుర్రి సార్. స్పీకర్ ఒత్తుర్రి, చెయ్యి లేస్తలేదు.”

“మేడమే. ఆలస్యమైతదని చెప్పనీకె కావచ్చు. ఇగో, మాట్లాడు.”

“రజితా, ఇనవడుతున్నదా? పెర్కిట్ నుంచి మాట్లాడుతున్న.”

“చెప్పుర్రి మేడం.”

“నలుగురొచ్చిన్రు. అడుగుడు లేదు, పిలుసుడు లేదు. గొడ్డళ్లతోని తలుపు పలగ్గొట్టి, మంచం మీద దుప్పటి కప్పి ఉంటే మనిషే అనుకోని నరుకుడు వెట్టిన్రు. దూది గదంత ఎగిరింది. మేం ఎన్క గదిలకెల్లి పోతే మా మీదికే తిరిగిన్రు. మావోళ్లల్ల ఇద్దరికి దెబ్బలు తాకినయ్, ఒకని కాలు మీద కాల్చాల్సొచ్చింది. నలుగురు దొరికిన్రు. వాళ్ల ఫోన్లు గూడ దొరికినయ్.”

“ఎవరికి ప్రాణం మీదికి రాలేదు గదా?”

“రాలేదు. నేను నీ దగ్గరికే వస్తున్న. ఆయన ఉన్నడా?”

“ఉన్నరు మేడం. మీ మాట ఇంటున్నరు.”

“ఏందిది రజితా? మేడంకు పెర్కిట్ల ఏం పని? గంగారాం... గంగారాంకు ఏమన్న అయిందా?”

“గంగారాం గా ఇంట్ల ఎన్నడు లేడు సార్.”

“లేడా? మరి ఉన్నడని నువ్వే చెప్తివి గదా!”

“చెప్పిన. మీకొక్కరికే చెప్పిన.”