అల్లుడు చెడగొట్టిన ల్యాప్‌టాప్

బెల్లంపల్లిలో, గని కార్మికుల కాలనీలో అహరోను ఇల్లు. భార్య రిబ్కమ్మ పోయి ఏడాది నిండింది. సాయంత్రం జ్ఞాపకార్థ కూడికలో ఆమె పాడిన పాట వీడియో చూపించాలి. పాట ఉన్న ల్యాప్‌టాప్ ముందు కూతురు మహిమ కూర్చుంది; కరీంనగర్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు ఆమె చూసుకుంటుంది. అహరోను పక్కనే చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“దీన్ని చెడగొట్టింది నీ మొగడే. గది తేలిపోయిన ముచ్చట.”

“ఆయన దీన్ని ముట్టక ఆర్నెల్లాయె బాపు.”

“ముట్టకుంటనే చెడగొట్టిండు. వాని చెయ్యే గసొంటిది.”

“జర జరుగు. పాట పెట్టి చూస్త. సాయంత్రం పాస్టరుగారు వస్తరు, సంఘమంత వస్తరు…”

“ఆగు.”

“ఏంది?”

“ఆగుమన్న గద.”

“బల్ల మీద ఎందుకు కొడ్తున్నవు?”

“చెయ్యి తిమ్మిరెక్కింది.”

“మూడు కొట్టంగనే పోయిందా తిమ్మిరి?”

“పోయింది. ఇగ పెట్టు.”

“పెట్టిన. ఇగో అవ్వ. నోరు తెరిచింది… గంతే. ఆగింది.”

“పాడుతది. జర ఓపిక పట్టు.”

“ఓ మాట పాడుతంది, ఓ మాట మింగుతంది. మొన్న ఆదివారం చర్చిల గిట్లనే పెట్టినవట గద?”

“ఎవలు చెప్పిన్రు?”

“పక్కింటి రాజక్క చెప్పింది. సంఘపెద్ద అంతయ్య కండ్లు మూసుకొని దీనితోటే ఆగుకుంట ఆగుకుంట పాడిండట. కొత్త రాగం అనుకున్నడట.”

“అంతయ్యకు పాత రాగం సుత రాదు.”

“నవ్వులాట కాదు బాపు. చూడు, అవ్వ నోరు తెరిచి గట్లనే ఉండిపోయింది.”

“నలభై ఏండ్లల ఒక్కనాడు గా నోరు ఆగలే. నేను సుత కొత్తగ చూస్తున్న.”

“ఉండు, వేగం చూస్త… ఇదేందిది? ప్రాసెసర్ అన్నిటికన్న తక్కువ వేగంల ఉన్నది. అంతకు మించి పోనిస్తలేదు.”

“తక్కువుంటె మంచిదే.”

“నడుస్తలేదు గద?”

“నడుస్తంది. నీకు కనవడ్తలేదు.”

“గా హద్దు తీసేసి వేగం పెంచుతున్న. ఆఁ, పెరిగింది. ఇగ విను… అరె. మొత్తానికే ఆరిపోయింది.”

“చెప్పిన గద, చెడగొట్టిండని.”

“మళ్ల చాలూ చేస్త.”

“ఆగు.”

“మళ్ల తిమ్మిరా?”

“మళ్ల తిమ్మిరే.”

“కొట్టు, కొట్టు. అయిందా? … బాపు, వేగం మళ్ల కిందికే పోయింది. నేను పెంచుతె ఎవలో దించుతున్నరు.”

“నీ మొగడు.”

“ఆయన కరీంనగర్ల డ్యూటీల ఉన్నడు.”

“డ్యూటీల ఉంటె ఆగుతడా?”

“ఎవలో కెర్నల్ల రాసిపెట్టిన్రు.”

“అదెవలు?”

“ఎవలు కాదు. గనికి మేనేజర్ ఉంటడు గద, గసొంటిది. ప్రాసెసర్ ఎంత జోరుగ నడువాలె, ఎంత ఓల్టేజి తీసుకోవాలె, కెర్నల్ చెప్తది. ప్రాసెసర్ ఇంటది.”

“మేనేజర్ ఎర్కే. చెప్తడు కని గనిల దిగడు.”

“ఓల్టేజి సుత తగ్గించిన్రు. వేగం పెంచి ఓల్టేజి పెంచకుంటె ఆరిపోదా మరి? అన్నం పెట్టకుంట ఉరుకుమన్నట్టు. ఇది ఊరికె అయ్యే పని కాదు. విజయేందర్‌కు ఫోన్ చేస్త.”

“బజార్ల కంప్యూటర్ల దుకాణం పెట్టినోనికా? వాని ఫోన్ కలువది.”

“కలిసింది. స్పీకర్ల పెడ్తున్న. విజయేందర్, నేను మహిమక్కను. బాపు ల్యాప్‌టాప్ నీ దుకాణానికి ఏమన్న వచ్చిందా?”

“కాకా పక్కన ఉన్నడా అక్కా?”

“ఉన్నడు.”

“అయితె రాలే.”

“పక్కకు పోయిండు. చెప్పు.”

“పోలే. ఈడనే ఉన్న.”

“కాకా, నేనేం చెప్పలే.”

“విజయేందర్, సాయంత్రం అవ్వ కూడిక. పాట రాకపోతె మా ఇజ్జత్ పోతది. చెప్పు తమ్మీ.”

“కాకానే చెయ్యమన్నడక్కా. నా దుకాణానికి అందరు జోరు పెంచుమని వస్తరు. తగ్గించుమని వచ్చింది కాకా ఒక్కడే. ఎంత తగ్గించాలె కాకా అంటె, పెండ్లికూతురు చర్చిల నడిచినంత అన్నడు. ఫ్యాను సప్పుడు రావద్దు, ఓల్టేజి సుత తగ్గించుమన్నడు. ఎవలు పెంచినా, మళ్ల చాలూ చెయ్యంగనే దిగేటట్టు పెట్టుమన్నడు. అల్లునికి సుత దొరకొద్దన్నడు.”

“ఫోన్ పెట్టి ఈగలు కొట్టుకో పోరా.”

“పెడ్తున్న కాకా.”

“బాపు.”

“ఏంది?”

“ఎందుకు చేపిచ్చినవు?”

“ఎండలకు వేడెక్కుతదని.”

“ఇది జనవరి.”

“ఈసారి ముందుగాల వచ్చినయ్.”

“నేను స్వెటర్ ఏసుకొని కూసున్న బాపు. పుట్టినప్పటిసంది చూస్తున్న, గనిల లిఫ్టు ఇంజిను నడిపినవు. వేగం లేకుంటె పని కాదని నీకు తెల్వదా?”

“అన్నిటికి ఒక్క వేగం ఉండదు. బొగ్గు వస్తె జోరుగ గుంజాలె. మనుషులెక్కితె మెల్లగ నడుపాలె. గది రూలు.”

“పైన ఇంజిను కాడ కూసున్నోనికి ఎట్ల ఎర్క, ఎక్కింది బొగ్గో మనుషులో?”

“లిఫ్టు కాడ ఉన్నోడు గంట కొడ్తడు.”

“ఎట్ల?”

“మనుషులైతె మూడు.”

“…బాపు. గా బల్ల మీద నువ్వు…”

“నీ మొగడు జోరు పెట్టి ఇచ్చిన నాడు పాట పెట్టిన. ఫ్యాను ఒక్కతీరుగ మొత్తుకున్నది. ఎదురుంగ మీ అవ్వ మొకం. జోరంటె ఆమెకు పడుతదా? పెద్దపల్లి నుంచి మంథని పోతుంటె, బస్సు ఉరుకుతందని డ్రైవర్‌ను తిట్టి నడుమల దిగింది. నన్ను సుత దింపింది. ఎండల నడిచినం.”

“గది నాకు చెప్పింది. నువ్వే దారి తప్పినవన్నది.”

“చెప్తది.”

“కని బాపు, ఇది ఉత్త పాటనే గద…”

“అండ్ల బొగ్గు లేదు. మీ అవ్వ ఉన్నది.”

“గందుకా బాపు…”

“ఏడ్వకు. తీగలల్ల నీళ్లు పడ్తయ్.”

“ఏడుస్తలే. మరి సాయంత్రం ఎట్ల?”

“పెంచు. ఆగుకుంట పాడితె అంతయ్య మళ్ల మొదలు పెడ్తడు. కని ఒక్కసారే గుంజకు. మెల్లమెల్లగ ఎక్కియ్యి.”

“వేగమెంతో ఓల్టేజి గంత. జరంత జరంత ఎక్కిస్త. ఫ్యాను సుత మొత్తుకోకుంట చూస్త. సరేనా? ముందు నువ్వు కొట్టు.”

“ఇంజిను నడిపెటోడు గంట కొట్టడు. ఇన్నొద్దులు ఎవలు లేక నేనే కొట్టిన. నువ్వు కొట్టు.”

“కొట్టిన. మూడు.”

“ఇన్న. ఇగ కానియ్యి.”

“బాపు, పాడుతంది. ఆగుతలేదు.”

“ఆమె ఎన్నడాగింది గనుక? ఎవలడిగినా దీన్ని చెడగొట్టింది నీ మొగడే. ఇగ నేను చేపిచ్చిన ముచ్చటైతె సచ్చెదాక నా నోట మళ్ల రాదు.”