కాళ్ళు చాపుకునేంత పెట్టె

ఏమిటే, ఆ టేపు పట్టుకుని నా చుట్టూ తిరుగుతున్నావు? ఈ వయసులో మీ అమ్మమ్మకు కొత్త జాకెట్టా? సరే, తీసుకో కొలతలు. నువ్వైనా టేపు పెట్టి కొలుస్తున్నావు, అదే సంతోషం. మా బావగారు, అదే, మా అక్క భర్త, పేరున్న దర్జీ. ఆయనే ఉంటే గుమ్మంలో నిన్ను ఒక్కసారి చూసి, "ఎడమ భుజం కాస్త దిగిందమ్మాయ్, సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు" అనేవారు. టేపు మెడలో వేలాడుతూ ఉండేది, అలంకారానికి! కుట్టింది మళ్ళీ విప్పవలసిన అవసరమే వచ్చేది కాదు. అదృష్టం అనకు, అది విద్య. ఆ విద్యే చివరికి... ఏమిటి, చెయ్యి దించమంటావా? దించాను.

మనిషి మాత్రం ఎప్పుడూ మిషను ముందే. ఆ దుకాణం ఎంతని? గుడ్డల మూటలూ, ఇస్త్రీ బల్లా పోగా ఆయన మోకాళ్ళు పట్టేంత. ముడుచుకుని కూర్చుని కూర్చుని వీపు గూని తిరిగిపోయింది. ఇంటికి వచ్చినా అంతే, మంచం నిండా సగం కుట్టిన బట్టలే. ఓ మూల ఒదిగి పడుకునేవారు. "కట్టుకున్నదానికి మోకాళ్ళు కనిపిస్తాయి గానీ మొగుడు కనిపించడు" అని మా అక్క దెప్పేది. ఆయన పళ్ళ మధ్య దారం పట్టుకునే నవ్వేవారు. "ఈ పెళ్ళిళ్ళ గిరాకీ కాస్త తగ్గనీ, నీ ఎదుటే హాయిగా కాళ్ళు చాపుకుని పడుకుంటాను" అనేవారు. గిరాకీ తగ్గిందీ లేదు, ఆయన చాపుకున్నదీ లేదు. ఓ పొద్దున మిషను మీదే తల వాల్చేశారు.

శవపేటిక తేవడానికి కొడుకులిద్దరూ బయలుదేరుతుంటే మా అక్క ఏడుపు దిగమింగుకుని ఒక్కటే కోరింది. "నగిషీలేమీ వద్దురా. మీ నాన్న కాళ్ళు బారుగా చాపుకునేంత పెట్టె తెండి, చాలు." వాళ్ళకు తోడు నన్ను పంపింది. దుకాణం నిండా వార్నీషు వాసన, గోడ పొడవునా నిలబెట్టిన పెట్టెలు. పెద్దవాడు పిడులు ఇత్తడివేనా అని గోటితో మీటి చూస్తాడు. చిన్నవాడు లోపలి తెల్లగుడ్డ తిరగేసి, "అన్నయ్యా, ఈ కుట్టు చూడు, ఎంత వంకరో! నాన్న చూస్తే ఇందులో పడుకోను పొమ్మంటాడు" అంటాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వు వచ్చింది, ఏం చెయ్యను? కుట్టు నచ్చిన పెట్టె దొరికేదాకా ఒక్కొక్కటీ తిరగేశారు. అప్పుడు అడిగాడు దుకాణదారు, "మనిషి పొడవెంత బాబూ?" అని. పెద్దవాడు తన గుండె మీద చెయ్యి ఆనించి, "ఇక్కడిదాకా వస్తారు" అన్నాడు. "ఒరేయ్, ఇంటికి ఫోను చేసి కొలిపించండిరా" అన్నాను. "బాగుంది పిన్నీ, దర్జీ కొడుకులకు కొలతలు నేర్పుతావా?" వాళ్ళకు తండ్రి గర్వం అచ్చంగా వచ్చింది గానీ తండ్రి కన్ను రాలేదు. పాపం, వాళ్ళు మాత్రం ఆయనను నిటారుగా ఎప్పుడు చూశారు గనక?

మేము ఇంటికి వచ్చేసరికి ఇరుగుపొరుగువారు ఆయనకు స్నానం చేయించి, ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగి, బల్ల మీద చక్కగా పడుకోబెట్టారు. మా అక్క నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. "చూడవే, ఎంత పొడుగో! పెళ్ళినాడు ఇలాగే ఉండేవారు. నేనే మరిచిపోయాను" అంటుంది, ఏడుస్తూనే మురిసిపోతూ. అప్పుడు తెచ్చారు పెట్టె. పక్కన దించీ దించగానే అందరికీ అర్థమైపోయింది. చిన్నవాడు "మార్చుకొస్తాను" అని లేచాడు. "జనమంతా వచ్చి కూర్చున్నారురా, గుమ్మంలో బండి ఆగి ఉంది, ఇప్పుడెక్కడ మారుస్తావు?" అన్నాడు పెద్దవాడు. ఆగితే ఏమయ్యేదే? జనం ఇంకాసేపు కూర్చునేవారు, అంతేగా! మోకాళ్ళు మడిచి పడుకోబెట్టారు. మా అక్క దుప్పటి అంచు సర్దుతూ, "పోనివ్వండి, ఆయనకు అలవాటే" అంది. పెద్దవాడు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఆ లోపలి గుడ్డ కుట్టు మాత్రం ఎంత బాగుందనుకున్నావు, ఒక్క పోగు లేవలేదు...

అయ్యాయా నీ కొలతలు? అయితే ఆ ముక్కాలిపీట అవతలకు జరుపు. కాళ్ళకు అడ్డంగా ఉంది.